జేమ్స్ ఈగన్ లేన్ మీద ఈ ఏటి డైవింగ్: సీసం, గాలి, సరుకు గదులు

ఈ ఏడు కొత్త చోట్ల వెంట పడకుండా ఒక్క ఓడనే పట్టుకున్నాను. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కు పడమట, కార్న్‌వాల్ తీరంలోని విట్‌శాండ్ బేలో మునిగి ఉన్న జేమ్స్ ఈగన్ లేన్. 135 మీటర్ల లిబర్టీ ఓడ, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పెద్ద సంఖ్యలో కట్టిన సరుకు ఓడల్లో ఒకటి. 1945 మార్చి 21న జర్మన్ జలాంతర్గామి యు-1195 దీన్ని టార్పెడోతో కొట్టింది. ఒడ్డుకు చేర్చాలని లాక్కొస్తే ఇక్కడ కూలబడింది. ప్రాణనష్టం లేదు. అడుగున ఇసుక ఇరవై మీటర్లు దాటి ఉంటుంది, పోటును బట్టి కాస్త అటూ ఇటూ. ఎత్తుగా నిలిచిన ఇనుము అంతకు చాలా పైనే తగులుతుంది. నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి లోతు దొరకదు.

చలి సంగతి ముందే చెప్పాలి. మార్చిలో నీళ్లు 9 డిగ్రీలు, సెప్టెంబరులో 16 దాకా వస్తాయి. విశాఖ సముద్రానికి అలవాటుపడ్డ ఒంటికి రెండూ చలికాలమే. అందుకే నీళ్లు లోపలికి రాని డ్రైసూట్, లోపల మందపాటి ఉన్ని దుస్తులు. ఆ దుస్తుల్లో ఇరుక్కున్న గాలి మనిషిని పైకి తేలుస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో 14 కిలోల సీసం కట్టుకునేవాణ్ణి. ఇప్పుడు 11తో సరిపోతోంది.

ఎంత సీసం కావాలో తేల్చుకోవాల్సింది డైవ్ చివర్లోనే. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (పీడనానికి కొలమానం) గాలి దాదాపు మూడు కిలోలు తూగుతుంది. అది వాడుకునేకొద్దీ మనం తేలికవుతాం. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, మూడు మీటర్ల లోతులో సూట్‌లోని గాలి వీలైనంత వదిలేసి కదలకుండా నిలబడగలిగితే లెక్క కుదిరినట్టు. ఒక్కోసారి ఒక్కో కిలో చొప్పునే తగ్గించాను.

సీసం తగ్గాక గాలి ఖర్చూ తగ్గింది. నీటి పైన ఉండే పీడనం లెక్కన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాణ్ణి, ఇప్పుడు 16. సగటున 15 మీటర్ల లోతులో పీడనం రెండున్నర రెట్లు కాబట్టి అది 40 లీటర్లవుతుంది. 50 బార్ పక్కన పెడితే వాడుకోవడానికి మిగిలేది 1800 లీటర్లు, అంటే 45 నిమిషాలు. ఇదివరకు 36 నిమిషాలకే ముగిసేది. దిగడం, ఎక్కడం అందులోనే కాబట్టి ఓడ మీద దక్కేది ఇంకొంత తక్కువ.

అసలు ఆనందమంతా సరుకు గదుల్లో ఉంది. పై తట్టు చాలావరకు కూలిపోయింది కనుక పక్కటెముకల్లా నిలిచిన ఇనుప చట్రాల మధ్యకు పైనుంచి వెలుతురు పడుతుంది. ఓడ మోసుకొచ్చింది అమెరికన్ సైన్యపు ఇంజినీరింగ్ సామగ్రి. నేల తవ్వే పికాసుల ఇనుప తలలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుని కుప్పగా పడి ఉన్నాయి. టార్చి దగ్గరగా పట్టుకుంటేనే విడివిడిగా కనిపిస్తాయి. చట్రాలకు తెల్లని సీ అనిమోన్లు (పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు), వాటి ముందు పొల్లాక్ చేపల గుంపు. కాలికి తొడిగిన ఫిన్ ఒక్కసారి గట్టిగా ఆడిస్తే చాలు, మట్టి లేచి ఏమీ కనిపించదు. అందుకే కప్పలా కాళ్లు మడిచి ఆడించడం నేర్చుకుంటున్నాను. ముందుకు వెళ్లడం వచ్చింది. వెనక్కి రావడం ఇంకా కుదరడం లేదు.

తీసుకెళ్లాల్సినవి: రెండు టార్చీలు, వలలో చిక్కుకుంటే కోయడానికి కట్టర్, మనం ఎక్కడున్నామో పడవకు తెలిసేలా పైకి వదిలే గాలి బోయ్ (తేలే గుర్తు), చేతికి మందపాటి తొడుగులు. పికాసు తల ముచ్చటగా ఉందని జేబులో వేసుకోకండి. బ్రిటన్ చట్టం ప్రకారం, మునిగిన ఓడ నుంచి ఏది తీసినా 28 రోజుల్లోగా రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి తెలియజేయాలి.

మే నెలలో పచ్చటి నాచు వికసించి నీళ్లు పప్పుపులుసులా ఉంటాయి, డబ్బు దండగ. ఈ అఖాతం నైరుతికి తెరుచుకుని ఉంది. అటునుంచి రెండు రోజులు గాలి వీస్తే పడవ బయలుదేరదు, బయలుదేరినా కింద ఏమీ కనిపించదు. నా మట్టుకు ఆగస్టు, సెప్టెంబరే మేలు.

పక్కనే 2004లో కావాలని ముంచిన హెచ్‌ఎంఎస్ సిల్లా యుద్ధనౌక ఉంది. అందరూ దానికే పరుగెడతారు. లోపల తుప్పు ముదిరింది, లోనికి వెళ్లవద్దని హెచ్చరిస్తున్నారు. బయటినుంచి చూడటానికే అయితే నాకు లిబర్టీ ఓడే ఇష్టం. దీని వెనుక భాగం విరిగి కాస్త ఎడంగా పడి ఉంది. గాలి అనుకూలిస్తే ఈసారి దిక్సూచి పట్టుకుని అక్కడికి వెళ్లాలి.