సర్వే ప్రశ్నల్ని తెలుగు చేసేటప్పుడు

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పట్టుకునేది ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన, కొత్త టెక్నాలజీని జనం ఎందుకు వాడతారో వివరించే టెక్నాలజీ అంగీకార నమూనానే. ప్రశ్నలు రెడీగా దొరుకుతాయి మరి! చిక్కల్లా వాటిని తెలుగులో అడిగినప్పుడే.

అందులో రెండు కొలతలు కీలకం: యాప్ వల్ల పని మెరుగవుతుందా, దాన్ని వాడటం తేలికా. నిఘంటువు చూసి ‘ఉపయోగకరం’, ‘ఉపయోగించడం సులభం’ అని రాస్తే వినేవాళ్లకు రెండూ ఒకటే. జవాబులు కలిసిపోయి, రెండు కొలతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూపే హెచ్‌టీఎంటీ విలువ 0.90 దాటిందంటే అవి వేర్వేరు కొలతలని నిరూపించడం కష్టం. ‘ఈ యాప్‌తో నా పని త్వరగా అవుతోంది’, ‘ఎవర్నీ అడక్కుండా వాడగలను’ అని విడదీయండి. తెలుగు చేసింది ఒకరైతే, మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషు చేయించండి. ఆపైన ఓ 30 మందితో చిన్న ప్రయోగం. ఒక కొలతలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటిందని మురిసిపోవద్దు. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా అది పెరుగుతుంది.

అన్ని జవాబులూ ఒకే మనిషి ఒకే పూట ఇస్తే కొలతల మధ్య సంబంధాలు ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తాయి. ఈ లోపాన్ని పట్టడానికి చేసే హార్మన్ పరీక్షతో సరిపెడితే సమీక్షకులు ఊరుకోరు. వీలైతే వాడకం లెక్క సర్వర్ లాగ్‌ల నుంచి తీసుకోండి. దానికి సంస్థ రాతపూర్వక అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందే కావాలి.