డిగ్రీ లేకుండా బిల్లింగ్ క్లర్క్ ఉద్యోగం: నా అనుభవం

నాకు డిగ్రీ లేదు. రెండో ఏడాది చదువుతుండగా ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడటంతో కాలేజీ మానేసి ఒక షాపులో బిల్లులు కొట్టే పనిలో చేరాను. తర్వాత స్టాకు లెక్కలు కూడా నాకే అప్పజెప్పారు. కొన్నేళ్లకు ఆ షాపు మూసేశారు. సరే, ఇదే పని ఇంకోచోట చూసుకుందామని వెతికితే, నేను రోజూ చేసిన పనికే, అదీ కొత్తగా చేరేవాళ్లకిచ్చే అంతంతమాత్రం జీతానికి, 'ఏదైనా డిగ్రీ తప్పనిసరి' అని కనిపించింది. డేటా ఎంట్రీకీ అదే, రిసెప్షన్‌కీ అదే, గోడౌన్‌కి వచ్చిన సరుకు రాసుకునే పనికీ అదే. 'ఏదైనా' అన్నారంటే చరిత్ర చదివినా పర్వాలేదు, వృక్షశాస్త్రం చదివినా పర్వాలేదు. ఆ మూడు నాలుగేళ్లలో ఏం నేర్చుకున్నామన్నది వాళ్లకు అక్కర్లేదు, కాగితం ఉంటే చాలు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

ఆన్‌లైన్ ఫారాల సంగతి ముందు చెప్పాలి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. ఫారం మధ్యలో 'మీకు డిగ్రీ ఉందా?' అని ఉంటుంది, ఉంది, లేదు, రెండే జవాబులు. లేదని నొక్కి, నా అనుభవమంతా ఓపిగ్గా రాసి పంపితే, కాసేపటికే 'మీ అర్హతలు సరిపోలేదు' అని మెయిల్ వచ్చేది. అర్ధరాత్రి పంపినా అంతే. ఆ వేళలో ఎవరో కూర్చుని నా రెజ్యూమె చదివి వద్దనుకున్నారంటే నమ్మలేం కదా. హెచ్‌ఆర్‌లో పనిచేసే స్నేహితురాలిని అడిగితే అప్పుడు చెప్పింది: ఒక ప్రశ్నకు ఫలానా జవాబు వస్తే ఆ దరఖాస్తును పక్కన పడేయమని సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టుకోవచ్చట. ఒక్క పోస్టుకు వందల్లో దరఖాస్తులు వచ్చిపడుతుంటే, ఎలాగోలా తగ్గించుకోవాలి కాబట్టి డిగ్రీ ప్రశ్న పెట్టేస్తారంది.

'ఉంది' అని నొక్కెయ్, ఇంటర్వ్యూలో చూసుకుందాం అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను నొక్కలేదు, మీరూ నొక్కకండి. ఆఫర్ ఇచ్చాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉంటుంది, చేరి ఏళ్లు గడిచాక బయటపడినా తీసేస్తారు, ఆ మచ్చ తర్వాత ఉద్యోగానికీ వెంట వస్తుంది.

వరసగా తిరస్కరణలు వస్తుంటే లోపం మనలోనే ఉందేమో అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ రోజుల్లో ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను, ధైర్యం వచ్చింది అక్కడే. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు 2017లో ఇచ్చిన ఒక నివేదిక ప్రకారం, 2015లో ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగ ప్రకటనల్లో 67 శాతం డిగ్రీ అడిగాయి, అప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లలో డిగ్రీ ఉన్నది మాత్రం 16 శాతానికే. అంతకు చాలా ముందు, 1971లో, ఆ దేశపు సుప్రీంకోర్టు ముందుకు డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ కేసు వచ్చింది. అక్కడ మంచి విభాగాల్లోకి వెళ్లాలంటే హైస్కూల్ పాసై ఉండాలన్న నిబంధన వల్ల నల్లజాతి కార్మికులు కూలి పనుల్లోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ చదువు లేకుండానే ముందే చేరిన ఉద్యోగులు అవే విభాగాల్లో బాగానే పనిచేస్తున్నారని కోర్టు గమనించింది. ఇలా ఒక వర్గాన్ని బయట నిలబెట్టే అర్హతకు, చేసే పనితో సంబంధముందని యజమాని చూపించాలని చెప్పింది. అది చదివాక మనం అడగాల్సిన ప్రశ్న నాకు దొరికినట్టయింది: ఈ పనిలో ఏ భాగానికి డిగ్రీ కావాలి?

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. 'డిగ్రీ లేదా దానికి సమానమైన అనుభవం' అని ఉన్న ప్రకటనలకు ముందు పంపాను. మిగతావాటికి ఫారంతో పాటు, ఆ ఉద్యోగి ఎవరి కింద పనిచేస్తారో కనుక్కుని నేరుగా వాళ్లకే చిన్న మెయిల్ పెట్టేదాన్ని. హెచ్‌ఆర్‌కి పని పేరు తెలుస్తుంది, ఆ పని ఆగిపోతే వచ్చే ఇబ్బంది తెలిసేది సూపర్‌వైజర్‌కే. మెయిల్‌లో కష్టాలు రాయలేదు. 'సరుకు చలానా, బిల్లు, స్టాకు రిజిస్టరు మూడూ సరిచూసి ఎంట్రీ చేయడం నా పని. నెలాఖరు లెక్కలు నేనే ముగించేదాన్ని. నాకు డిగ్రీ లేదు. ఒక పూట పని ఇచ్చి చూడండి' అంతే రాశాను. చాలామంది జవాబివ్వలేదు. ఒక గోడౌన్ సూపర్‌వైజర్ మాత్రం ఫోన్ చేసి, 'సరే, పొద్దున్నే వచ్చి చేసి చూపించమ్మా' అన్నారు.

వెళ్తే, నా ముందు ఒక కట్ట బిల్లులు పెట్టి సిస్టమ్‌లో ఎక్కించమన్నారు. సగంలో ఒక బిల్లు దగ్గర ఆగాను. చలానాలో పన్నెండు పెట్టెలు ఉన్నాయి, బిల్లులో కూడా పన్నెండే, కానీ చలానా వెనకాల సరుకు దించుకున్న మనిషి పెన్సిల్‌తో 'ఒకటి తడిసింది, వెనక్కి' అని రాశాడు. వెనక్కి పంపినదానికి కాగితమేదీ లేదు. 'దీన్ని ఎక్కించను సార్, సప్లయర్‌ని అడగాలి' అన్నాను. ఆయన మిగతా కట్ట చూడనే లేదు.

అయినా హెచ్‌ఆర్ దగ్గర ఫైలు ఆగింది. పాలసీ ప్రకారం డిగ్రీ ఉండాలన్నారు, ఆ తర్వాత తీసుకుంటాం గానీ జీతం తగ్గిస్తామన్నారు. అదే సీటు, అదే పని, అన్నే గంటలు, జీతం ఎందుకు తగ్గాలి? ఈ మాట నేను మర్యాదగానే అడిగాను, సూపర్‌వైజర్ గారు గట్టిగా అడిగారు. చివరికి ప్రకటనలో ఉన్న జీతమే ఇచ్చారు. మీకూ ఇలా అంటే వెంటనే ఒప్పుకోకండి, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

చేరాక నాకు పని నేర్పిన సీనియర్ మేడమ్‌కీ డిగ్రీ లేదు. ఆవిడ చేరినప్పుడు ఎవరూ అడగలేదట. సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొరాయించినా ఇప్పటికీ అందరూ ఆవిడ దగ్గరికే పరిగెడతారు. ఆవిడే ఈరోజు అదే సీటుకి దరఖాస్తు పెడితే ఫారం దాటి లోపలికి రాలేరు.

ఈమధ్య మా దగ్గర ఇంకో ఖాళీ వచ్చినప్పుడు, ప్రకటనలో ఏం రాయాలో నన్నే రాసిమ్మన్నారు. చేసే పని రాశాను, డిగ్రీ మాట రాయలేదు. హెచ్‌ఆర్ వాళ్లు 'డిగ్రీ ఉంటే మంచిది' అని చేర్చి వేశారు, దానికి ఒప్పుకున్నాం. కానీ ఆన్‌లైన్ ఫారంలో పాత ప్రశ్న అలాగే ఉండిపోయింది, లేదని నొక్కినవాళ్లను అది ఇంకా తీసేస్తూనే ఉంది. ప్రకటన మారినంత మాత్రాన మనుషుల్ని తీసుకోవడం మారదని 2024లో హార్వర్డ్, ఉద్యోగాల తీరుతెన్నులపై పరిశోధన చేసే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన అధ్యయనంలోనూ తేలింది. కంపెనీలు డిగ్రీ నిబంధన తీసేసినందువల్ల మేలు జరిగింది ఏడాదిలో 700 నియామకాల్లో ఒక్కదానికి కూడా కాదట. అందుకే ఆ ప్రశ్న తీసేయమని, కనీసం 'లేదు, కానీ అనుభవం ఉంది' అనే మూడో జవాబు పెట్టమని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు, సోమవారం వెళ్లి నేరుగా అడుగుతాను. ఈలోపు ఫారంలో ఆగిపోయిన దరఖాస్తుల లిస్టు సూపర్‌వైజర్ గారు తెప్పించారు, ఇద్దరం కూర్చుని చదువుతున్నాం.