పటంలో లేని బాట

"సారూ, మా బర్లు ఎక్కడికెళ్లి దాటాలె?" అని ఆ పెద్దమ్మ అడిగేసరికి, బల్లపై పరిచిన రహదారి పనుల పటం మీద కదులుతున్న ఇంజినీరు గారి వేలు ఆగిపోయింది.

ఈ రోజు నార్కట్‌పల్లి దగ్గర, 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో జరిగిన సమావేశమది. పటంలో వంతెనలూ సర్వీసు రోడ్లూ ఉన్నాయి గానీ, ఊరి నుంచి పొలాలకు వెళ్లే బండ్ల బాట మాత్రం లేదు.

1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని 3సి సెక్షన్ ప్రకారం, భూసేకరణ నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లోగా అభ్యంతరం తెలపవచ్చు. అయితే ఆ అవకాశం ఆ భూమిలో హక్కో ప్రయోజనమో ఉన్నవారికే పరిమితం. గుంట భూమి లేకపోయినా రోజూ రోడ్డు దాటే కూలీలకూ, బస్సు కోసం ఎండలో నిలబడే బడిపిల్లలకూ అందులో చోటు లేదు. నాకు అన్నిటికంటే బాధగా తోచేది ఇదే.

పటం ఖరారు కాకముందే గ్రామసభలో పెడితే, అండర్‌పాస్ ఎక్కడ కావాలో, బస్సు ఎక్కడ ఆగాలో ఊరివాళ్లే చెప్పగలరు. అలా పెట్టమని కోరుతూ రేపు అర్జీ ఇస్తున్నాం. దాని మీద భూమి లేనివాళ్ల సంతకాలు కూడా ఉంటాయి.