ఏకలవ్యుడి వేళ్లు, ద్రోణుడి చూపు

ఆషాఢం వచ్చిందంటే మా హైదరాబాద్‌లో ఒకపక్క బోనాల డప్పులు, ఇంకోపక్క గురుపూర్ణిమ సందడి. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర తెల్లారకముందే క్యూ మొదలవుతుంది. మా ఇంట్లో మాత్రం అది వ్యాసపూర్ణిమ. ఆ రోజు భారతంలో ఏదో ఒక ఘట్టం పైకి చదవాలన్నది మా నాన్నగారు పెట్టిన అలవాటు. ఈసారి ఏం చదవాలో మా అబ్బాయి తేల్చాడు. వాడికి పన్నెండేళ్లు, ఏడాదిగా విలువిద్య నేర్చుకుంటున్నాడు. "అమ్మా, ఏకలవ్యుడి కథ చదువు. ద్రోణుడు మంచివాడా, చెడ్డవాడా నాకు తేలాలి" అన్నాడు.

వాడి ప్రశ్నకు ఒక కారణం ఉంది. మా బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో ఆ మధ్య ఒక మెసేజ్ తిరిగింది. ద్రోణుడు బొటనవేలు అడిగింది శిష్యుడి మేలు కోరేనట. ఇప్పుడు ఒలింపిక్స్‌లో విల్లు పట్టేవాళ్లెవరూ బొటనవేలితో నారి లాగరట. కాబట్టి గురువుగారు దక్షిణ పేరుతో కొత్త పద్ధతి నేర్పించారట. చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. గురువును నిందించకుండా బయటపడే దారి దొరికిందనిపించింది.

అందులో సగం నిజమే. మా వాడు విల్లు పట్టినప్పుడు చూస్తుంటాను కదా. చూపుడువేలు బాణానికి పైన, నడిమివేలు, ఉంగరపువేలు కింద. మూడు వేళ్ల మొదటి కణుపుల మీద నారి ఆనుతుంది. వేళ్లకూ నారికీ మధ్య చిన్న తోలుముక్క ఉంటుంది, దాన్ని ట్యాబ్ అంటారు. అయినా ఇంటికి వచ్చేసరికి వేళ్ల మీద ఎర్రటి గీతలు పడే ఉంటాయి. బొటనవేలు మాత్రం అరచేతిలోకి మడుచుకుని ఊరికే ఉంటుంది. మొదటి నెలంతా వాళ్ల కోచ్‌గారు "దానికి పని లేదురా, మరిచిపో" అంటూనే ఉండేవారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్ ఆడుతుంటే టీవీకి అతుక్కుపోయి చూసినప్పుడు కూడా అదే పట్టు.

కానీ లోకమంతా ఎప్పుడూ ఇలాగే లాగలేదు. బొటనవేలిని నారికి కొక్కెంలా తగిలించి, చూపుడువేలితో దాన్ని బిగించి లాగే పద్ధతి ఆసియాలో చాలా చోట్ల ఉండేది. మంగోలులు, తురుష్కులు, మొఘలులు అలాగే లాగేవాళ్లు. నారి కోసేయకుండా బొటనవేలికి ఉంగరం తొడిగేవాళ్లు. దీనికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ రాతి వస్తువుల మధ్య షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం ఒకటి ఉంటుంది. మా వాణ్ని తీసుకెళ్లి చూపించాను. అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇది నగ కాదమ్మా, వాళ్ల ట్యాబ్" అన్నాడు. ఈ పట్టులో బాణం విల్లుకు కుడిపక్కన కూర్చుంటుంది. పొదిలోంచి తీసిన చెయ్యి తీసినట్టే వచ్చి నారికి తగిలించేస్తుంది. అందుకే వేగం ఎక్కువ అంటారు.

వేగం. మూలం తెరిచాక నేను ఆగిపోయింది ఈ మాట దగ్గరే.

ఆదిపర్వంలో కుక్క ఘట్టం అందరికీ తెలిసిందే. మొరుగుతున్న కుక్క నోట్లోకి ఏకలవ్యుడు ఏడు బాణాలు కొట్టాడు. మనం గురి గొప్పదని చెప్పుకుంటాం. వ్యాసుడు వాడిన మాట 'లాఘవం'. అంటే చేతి చురుకు. ఏడూ ఒక్కసారే వదిలాడా అన్నట్టు కొట్టాడట. ఆ కుక్కను చూసిన పాండవులు మెచ్చుకున్నదీ ఆ చురుకునూ, శబ్దం విని కొట్టే నేర్పునూ. ఇక వేలు కోసి ఇచ్చేసిన తరువాత శ్లోకం చూడండి: 'నైషాదిరంగుళీభిర్వ్యకర్షత'. నిషాదపుత్రుడు వేళ్లతో లాగాడు. అంటే అంతకు ముందు లాగింది బొటనవేలితోనే కదా. వెంటనే ఇంకో మాట: మునుపటంత శీఘ్రంగా లేడు.

గురి పోయిందనలేదు. విద్య పోయిందనలేదు. పోయింది వేగం ఒక్కటే.

ఇది నిజంగా అలాగే ఉంటుందా అని మా వాడికి పట్టుదల వచ్చింది. డాబా మీదికి వెళ్లి, కుడి బొటనవేలిని అరచేతికి ఆనించి ప్లాస్టర్ చుట్టించుకున్నాడు. బాణం వదలకూడదు, లాగి మెల్లగా దించాలని ముందే ఒప్పందం. నారి లాగడం మామూలుగానే వచ్చింది, తేడా ఏమీ లేదు. బాణం తియ్యడం దగ్గర వచ్చింది కష్టం. రోజూ నేను నాలుగు లెక్కపెట్టేలోపు నడుముకున్న పొదిలోంచి తీసి నారికి బిగించేస్తాడు. ఇప్పుడు చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి పైకి తీశాడు. బాణం గిర్రున తిరిగింది. తోకలోని గాడి నారికి దొరకలేదు. ఒకటి కింద పడింది. రెండోది బిగిసేసరికి నా లెక్క పదకొండుకొచ్చింది. వాడు ప్లాస్టర్ పీకేసుకుని బొటనవేలిని కాసేపు అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. "కుక్క ఈపాటికి నోరు మూసేసుకునేదమ్మా" అన్నాడు.

మేలు చేయడానికే అన్న మాట నాకు అక్కడే చెల్లకుండా పోయింది. నిజం చెప్పాలంటే వ్యాసుడు ఆ మాటకు చోటే ఇవ్వలేదు. నిన్ను మించిన శిష్యుడు నాకు ఉండడని ద్రోణుడు అర్జునుడికి మాట ఇచ్చాడు. ఏకలవ్యుణ్ని చూసి అర్జునుడు ఆ మాట గుర్తు చేశాడు. వేలు తెగాక అర్జునుడి తాపం తీరిందనీ, ద్రోణుడు మాట నిలబెట్టుకున్నాడనీ మూలంలో స్పష్టంగా ఉంది. మొదట్లో శిష్యుడిగా ఎందుకు తీసుకోలేదో కూడా దాచలేదు. నిషాదుడి కొడుకని తీసుకోలేదు. మన ఋషి కప్పిపెట్టని దాన్ని మనం కప్పిపెట్టడం ఎందుకు?

అయితే విల్లు పట్టు తెలిశాక ద్రోణుడు నాకు ఇంకోలా కనిపిస్తున్నాడు. ఆయన చెయ్యి మొత్తం అడగలేదు. కళ్లు అడగలేదు. ఇకమీదట విల్లు ముట్టనని ప్రమాణం చెయ్యమనలేదు. ఆ కుర్రాడి గొప్పతనం అంతా ఎక్కడ ఉందో చూసి, సరిగ్గా ఆ ఒక్క వేలినే అడిగాడు. దాన్ని జాలి అనడానికి నాకు నోరు రాదు. కానీ అది మామూలు కన్ను కాదు. మా వాడి కోచ్‌గారు ఇరవై మీటర్ల దూరం నుంచి "మోచెయ్యి దిగింది" అని కేక వేస్తారు. పక్కనే నిలబడిన నాకు ఏమీ కనిపించదు. గురువు చూపు అంటే అదే. శిష్యుడి తప్పు దిద్దడానికి దేవుడిచ్చిన ఆ చూపును ద్రోణుడు ఆ రోజు శిష్యుణ్ని తగ్గించడానికి వాడాడు. నాకు బాధంతా అక్కడే. కొడుకు పాల కోసం ఏడిస్తే తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లు తాగించి ఎగతాళి చేస్తుంటే చూడాల్సి వచ్చిన తండ్రి ఆయన. హస్తినాపురం ఉప్పు తిని, అర్జునుడికిచ్చిన మాటకు కట్టుబడిపోయినవాడు. ఆయన్ని తలుచుకుంటే నా గుండె బరువెక్కుతుంది. పిల్లలకు విద్య నేర్పినందుకు ఆయనకు దణ్ణం పెడతాను. ఆ దక్షిణకు మాత్రం పెట్టలేను.

మన ప్రభుత్వం కోచ్‌లకు ఇచ్చే పురస్కారానికి 1985 నుంచి ద్రోణాచార్యుడి పేరు ఉంది. గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. ఆ బడుల బోర్డు చూసినప్పుడల్లా, అక్కడి పంతుళ్ల చూపు పిల్లల్ని పైకి లేపేదిగా ఉండాలని మనసులో వేడుకుంటాను.

చదవడం అయ్యాక మా వాడు అడిగింది ద్రోణుడి గురించి కాదు. "తరవాత కూడా విల్లు పట్టాడా?" అని.

పట్టాడు నాన్నా. ద్రోణపర్వంలో ఘటోత్కచుడు పడిన రాత్రి సాక్షాత్తూ కృష్ణుడే చెప్పాడు. నీ కోసమే ద్రోణుడు ఆచార్యుడినన్న నెపంతో ఆ నిషాదుడి బొటనవేలు తీశాడని అర్జునుడితో అన్నాడు. కృష్ణుడు వాడిన మాట 'ఛద్మనా', అంటే కపటంగా. ఆ మాట అన్నాక, వేళ్లకు తొడుగు కట్టుకుని అడవిలో ఒంటరిగా బాణాలు వేస్తుంటే అతను మరో రాముడిలా వెలిగాడన్నాడు, 'రామ ఇవాపరః' అని. చివరికి తన చేతుల్లోనే పోయాడనీ చెప్పాడు. చంపినవాడి నోట వచ్చిన ప్రశంస అది. అక్కడ రాముడంటే పరశురాముడనుకున్నా, ఆయన ద్రోణుడికే అస్త్రాలిచ్చిన గురువు. నా మనసు మాత్రం అయోధ్య వైపే పోతుంది. విశ్వామిత్రుడి వెంట బయలుదేరిన రామలక్ష్మణుల్ని వాల్మీకి వర్ణిస్తూ 'బద్ధగోధాంగుళిత్రాణౌ' అన్నాడు. ఉడుము తోలు తొడుగు వేళ్లకు కట్టుకున్న పిల్లలు. గురువు వెనక నడుస్తున్న ఆ పిల్లల వేళ్లకూ అదే తొడుగు, గురువు కాదన్న ఈ పిల్లవాడి వేళ్లకూ అదే తొడుగు.

ఇది చెప్పగానే మా వాడు లోపలికి పరుగెత్తి ట్యాబ్ తెచ్చాడు. చెమటకు నల్లబడి, నారి ఆనే చోట గాడి పడిన తోలుముక్క. భారతం పుస్తకం పక్కన పెట్టాడు. దానికి కుంకుమ బొట్టు పెట్టి, పుస్తకానికి ఇచ్చిన హారతి దానికీ ఇచ్చాను.