కుడి మోచేయి, 12 కిలోల కెటిల్‌బెల్: నా తొమ్మిది నెలలు

2023 ఆగస్టులో ఒక సోమవారం, తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క వేళ్ళ మధ్య నుంచి జారిపడింది. వంగి తీసుకుని మళ్ళీ రాయబోతే కుడి మోచేయి బయటివైపు, ఎముక గుబ్బ దగ్గర చురుక్కుమంది. ఆ నొప్పి అప్పటికి మూడు వారాలుగా ఉంది. పొద్దున్నే పాలగిన్నె దించేటప్పుడు, తడి తువ్వాలు పిండేటప్పుడు, స్కూటీ యాక్సిలరేటర్ తిప్పేటప్పుడు వచ్చి పోయేది. వ్యాయామం చేసేవాళ్ళకి ఒళ్ళు నొప్పులు మామూలే కదా అని పట్టించుకోలేదు. సుద్దముక్క కూడా నిలవకపోయేసరికి భయం వేసింది.

నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ టీచర్‌ని. వయసు 44. మూడేళ్ళుగా ఇంట్లోనే కెటిల్‌బెల్‌తో వ్యాయామం చేస్తున్నాను. చూడనివాళ్ళకి చెప్పాలంటే, పైన పిడి ఉన్న ఇనుప గుండు అది. రష్యాలో గిర్యా అంటారు. సంతల్లో ధాన్యం తూచే రాయిగా మొదలైందని చెబుతారు. ఇప్పటికీ దాని బరువుల్లో పూడ్ అనే పాత రష్యన్ తూకం కనిపిస్తుంది. ఒక పూడ్ అంటే 16 కిలోల 380 గ్రాములు. అందుకే 16, 24, 32 కిలోల గుండ్లు. మొదటిసారి దాని బొమ్మ చూసినప్పుడు నాకు మా తాతయ్య సంగిడి గుర్తొచ్చింది. పాలకొండ దగ్గర మా ఊళ్ళో, పెరట్లో వేపచెట్టు కింద ఆ రాయి ఇంకా ఉంది. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం మాకు దూరం కాదు. సంగిడి ఎత్తడం, సాము చేయడం గురించి వింటూ పెరిగినదాన్ని. ఆ ఇష్టం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఎండాకాలం ఒక పట్టుదల పెట్టుకున్నాను. 12 కిలోల గుండుతో 5 నిమిషాల్లో 100 స్నాచ్‌లు చేయాలని. స్నాచ్ అంటే గుండును కాళ్ళ మధ్య నుంచి ఒకే ఊపులో తలపైకి లేపి, మళ్ళీ అదే దారిలో కిందికి వదిలి, అక్కడ ఆపి, తిరిగి లేపడం. పైనుంచి కిందికి దాదాపు 1.4 మీటర్లు. 12 కిలోలు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి సుమారు 165 జౌల్స్. దాన్ని ఎక్కువగా తుంటి కండరాలే మింగాలి. కానీ ఆ క్షణంలో గుండు జారిపోకుండా చూసేది వేళ్ళే. జులైలో నేను 60 నుంచి 80కి రెండు వారాల్లో పెంచేశాను. పిల్లలకి రోజూ లెక్కలు చెప్పేదాన్ని, ఆ లెక్క నా చేతికి వేసుకోలేదు.

ఎముకల డాక్టర్ గారు చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. నేను జన్మలో టెన్నిస్ ఆడలేదు. పేరు అలా ఉన్నా, ఇది 35 నుంచి 55 ఏళ్ళ మధ్య, చేతిపని ఎక్కువ చేసేవాళ్ళకి వచ్చేదేనట. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు రోజుల్లో నొప్పి మాయమైంది. నా సంతోషానికి హద్దుల్లేవు. మూడో వారంలో మళ్ళీ గుండు పట్టుకున్నాను. ఆరో వారానికి నొప్పి తిరగబెట్టింది, ఈసారి ముందుకంటే ఎక్కువగా. అన్నం గరిటె పట్టుకుని వడ్డించలేకపోయేదాన్ని.

ఆ తర్వాత చదివాను. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో 198 మంది మీద చేసిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. కొందరికి ఇంజెక్షన్, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ చేయకుండా వేచి చూశారు. ఆరు వారాల దగ్గర ఇంజెక్షన్ వాళ్ళే అందరికంటే బాగున్నారు. కానీ అలా బాగుపడ్డ 65 మందిలో 47 మందికి తర్వాత మళ్ళీ వచ్చింది. ఏడాది గడిచేసరికి ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్ళ పరిస్థితి వాళ్ళకంటే మెరుగు. ఇది నాకు ఇంజెక్షన్ వేయించుకునే ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కోపం కంటే దిగులే ఎక్కువ కలిగింది.

అక్టోబరులో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు అమ్మాయి. ముందు నా రోజంతా అడిగింది. ఏ చేత్తో కూర తరుగుతారు, బట్టలు చేత్తో పిండుతారా, స్కూటీ మీద ఎంత దూరం, ఆన్సర్ షీట్లు ఎన్ని దిద్దుతారు. తర్వాత మోచేయి చాపించి, మణికట్టు పైకి లేపమని, తను కిందికి నొక్కింది. ప్రాణం పోయినంత పని అయింది. అప్పుడు ఒక మీటరు చేతికిచ్చి, నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే పిండమంది. ఎడమచేయి 26 కిలోలు, కుడిచేయి 9.

"మేడమ్, గట్టిగా పిడికిలి పట్టినప్పుడు పనిచేసేవి వేళ్ళు ముడిచే కండరాలే అనుకుంటాం. కానీ మణికట్టు ముందుకు వంగిపోకుండా వెనకవైపు కండరాలు కూడా అంతే గట్టిగా పట్టి ఉంచాలి. మీకు దెబ్బతిన్నది అక్కడ" అంది. ఆ కండరాన్ని మోచేయి గుబ్బకు కట్టి ఉంచే టెండాన్ అరిగి, నార సడలిన తాడులా అయిందట. తాడు మళ్ళీ గట్టిపడాలంటే కొంచెం కొంచెంగా బరువు అలవాటు చేయాలి. పూర్తిగా ఆపేస్తే నొప్పి తగ్గుతుంది, దానితోపాటు బలమూ తగ్గుతుంది, మళ్ళీ పని మొదలుపెట్టగానే మొదటికొస్తుంది. నాకు అంతవరకూ ఎవరూ ఇలా చెప్పలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మొదటి నెల చేసింది చూడటానికి ఏమీ కాదు. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, కిలో డంబెల్ పట్టుకుని మణికట్టు కదలకుండా 45 సెకన్లు నిలపడం. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ. అలా ఐదుసార్లు. రెండో నెలలో ఎడమచేతి సాయంతో బరువు పైకి లేపి, కుడిచేత్తో మెల్లగా నాలుగు లెక్కపెట్టేంతసేపు దించడం, 15 చొప్పున మూడుసార్లు. దానితోపాటు సుత్తిని పిడి చివర పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పడం. సుత్తి తల దూరంగా ఉండబట్టి చిన్న బరువే పెద్దగా పనిచేస్తుంది. టార్క్, అంటే తిప్పే బలం, పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను సుత్తే తీసుకెళ్తున్నాను.

నియమం ఒకటే పెట్టింది. నొప్పికి పదికి మార్కులు వేసుకోవాలి. చేస్తున్నప్పుడు 3 దాటకూడదు. మర్నాడు పొద్దున పాలగిన్నె దించేటప్పుడు నిన్నటికంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే బరువు తగ్గించాలి, మానేయకూడదు. రోజూ నోట్‌బుక్‌లో ఒక అంకె వేసేదాన్ని.

మిగతా ఒంటి సంగతేంటని నేనే అడిగాను. నాకు అదే పెద్ద టెన్షన్. మూడేళ్ళ కష్టం కరిగిపోతుందేమోనని నిద్ర పట్టేది కాదు. "కుడిచేతి పిడికిలి తప్ప అన్నీ మీవే కదా మేడమ్" అంది. ఆ మాట పట్టుకుని ఇంట్లో ఒక్కొక్కటీ ప్రయత్నించాను. స్క్వాట్‌కి పిడి పట్టుకోకుండా గుండునే రెండు అరచేతుల మధ్య దోసిలిలా పట్టి గుండెకి ఆనించుకున్నాను. వేళ్ళు ముడవక్కర్లేదు, నొప్పి లేదు. ఎడమచేత్తో 16 కిలోలు పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడిచాను. ఎడమచేత్తో ప్రెస్, అంటే గుండును భుజం దగ్గర నుంచి తలపైకి నెట్టడం. పుస్తకాలు నింపిన బ్యాగు తుంటి మీద పెట్టుకుని బ్రిడ్జ్, అంటే వెల్లకిలా పడుకుని తుంటిని పైకి లేపడం. కుడివైపు గుండును రెండు చేతులతో లేపి ముంజేయి మీద, ఛాతీకి ఆనించి ఉంచి, వేళ్ళు వదులుగా తెరిచి నిలబడటం కూడా కుదిరింది. బరువంతా ముంజేయి మీదా పక్కటెముకల మీదా పడుతుంది. డిసెంబరు నాటికి కాళ్ళు ముందుకంటే బలంగా ఉన్నాయి. అది నేను ఊహించలేదు.

ఇంటిపని మార్చుకోవడమే కష్టమైంది. కూరగాయల సంచి, పాలగిన్నె అరచేయి పైకి ఉండేలా పట్టి ఎత్తితే నొప్పి సగానికి సగం తగ్గుతుంది. బట్టలు పిండటం మా ఆయన తీసుకున్నారు. కొబ్బరి కోరడం అత్తయ్య తీసుకున్నారు. "ఆ ఇనుప గుండు అవతల పడెయ్యమ్మా, ఈ వయసులో ఎందుకు" అని ఆవిడ రోజూ అనేవారు. ప్రేమతోనే అనేవారు. నాకు ఏడుపొచ్చేది.

సంక్రాంతికి ఊరెళ్ళాం. అరిసెల పాకంలో పిండి పోసి కలపడానికి తెడ్డు నేనే అందుకున్నాను. ఆ పాకం ముదిరాక ఎంత బలం కావాలో చేసినవాళ్ళకి తెలుసు. మర్నాడు పదికి 6. 15కి చేరిన పట్టు 11కి పడిపోయింది. ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి తిట్టలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ 45 సెకన్ల దగ్గర నుంచి మొదలుపెట్టించింది.

ఫిబ్రవరిలో 8 కిలోలతో రెండు చేతుల స్వింగ్, అంటే గుండును కాళ్ళ మధ్య నుంచి ఛాతీ ఎత్తుకి ఊపడం, మొదలుపెట్టాను. మా అమ్మాయి వీడియో తీసింది. పక్కనుంచి చూసుకుంటే అసలు తప్పు కనపడింది. గుండు తుంటి ఊపుకి తేలాలి, చేతులు తాళ్ళలా ఊరికే వేలాడాలి. నేను ఛాతీ దాకా మోచేతులు వంచి లాగుతున్నాను, వేలి కణుపులు తెల్లబడేంత గట్టిగా పిడి నులుముతున్నాను. 8 కిలోలకే అంత పట్టు! మూడేళ్ళుగా వేలసార్లు అలాగే చేశానని అర్థమై చాలాసేపు మాట రాలేదు.

దానికి ఒక కారణం మా ఊరి గాలి కూడా. సముద్రపు ఉక్కకి పది ఊపులకే అరచేయి తడిసిపోతుంది, జారుతుందన్న భయంతో ఇంకా గట్టిగా పట్టుకుంటాం. వ్యాయామానికి వాడే తెల్లపొడి, మెగ్నీషియం కార్బొనేట్, కొనుక్కున్నాను. బడి సుద్దముక్క ఎక్కువగా జిప్సం, దానితో ఆ పని జరగదు. పిడిని అరచేతి మధ్యలో కాకుండా వేళ్ళ మొదట్లో కొక్కెంలా తగిలించడం నేర్చుకున్నాను. గుండు పైన తేలే క్షణంలో పట్టు సడలించాలి. ఇది చేతికి రావడానికి ఆరు వారాలు పట్టింది. పది ఊపులు, పొడి తుడుచుకుని విశ్రాంతి, మళ్ళీ పది. ఏప్రిల్‌లో 12 కిలోలకి వెళ్ళాను. మీటరు మీద కుడిచేయి 22.

జూన్‌లో 25 వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి మీటరు తిరిగి పెట్టెలో పెడుతూ "ఇంక స్నాచ్ మొదలుపెట్టండి మేడమ్, 8 కిలోలతో" అంది. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, అత్తయ్యని కూడా పిలిచి కూర్చోబెట్టి, చేతికి ఐదు చొప్పున చేశాను. కిందికి వదిలేటప్పుడు గుండును దూరంగా విసరకుండా ఒంటికి దగ్గరగా జార్చాను. ఆవిడ ఏమీ అనలేదు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

పొద్దున్నే పాలగిన్నె కుడిచేత్తో, మామూలుగా పట్టుకుని దించాను. నోట్‌బుక్‌లో సున్నా వేశాను. దాని పక్కనే వచ్చే మంగళవారానికి రాసుకున్నాను: 8 కిలోలు, చేతికి 6.