చప్పిడి ముక్కు

తార్నాకలో మా మేడ మీది గది చూడటానికి వచ్చిన అబ్బాయిని "మణిపూరా, నేపాలా?" అని అడిగాను. నవ్వి, "కాబూల్ అంకుల్, దష్త్-ఎ-బర్చీ" అన్నాడు. ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాడట. అఫ్గాన్ అంటే కోటేరు ముక్కు, తలపాగా అనుకునే నేను అతని పాస్‌పోర్టు రెండుసార్లు తిప్పి చూశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అతను హజారా, అఫ్గానిస్తాన్‌లో సంఖ్యలో తక్కువైన ఒక జాతి. బడిలో తోటి పిల్లలు 'బీనీ పుచుక్' అని పిలిచేవారట. చప్పిడి ముక్కువాడని. హజారాల్లో ఎక్కువమంది షియాలు, సున్నీలు ఎక్కువగా ఉన్న దేశంలో వాళ్ల మీద అదొక కోపం. పేరైతే మార్చుకోవచ్చు, ముఖాన్ని ఎక్కడ దాచుకుంటారు? 1890లలో అఫ్గాన్ పాలకుడు అమీర్ అబ్దుర్ రహ్మాన్ సైన్యం వాళ్ల కొండల మీద పడి, భూములు లాక్కుని, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మింది. పాకిస్తాన్‌కు పారిపోయినా సుఖం లేదు. 2011లో క్వెట్టా దగ్గర మస్తుంగ్‌లో హజారా యాత్రికుల బస్సు ఆపి, కిందికి దింపి కాల్చి చంపారు.

ఇవన్నీ అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు. 2022 సెప్టెంబర్ 30న మాత్రం మాట రాలేదు. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల పేటలోని కాజ్ కోచింగ్ సెంటర్లో పొద్దున నమూనా పరీక్ష జరుగుతుండగా ఒకడు లోపలికి చొరబడి, ఆడపిల్లలు కూర్చున్న వైపు తనను తాను పేల్చుకున్నాడు. 50 మందికి పైగా పోయారు, ఎక్కువమంది అమ్మాయిలే. వాళ్లు రాస్తున్నది కాంకోర్‌కు నమూనా. అది మన ఎంసెట్ లాంటి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, ప్రతి ఆదివారం పరీక్ష పెడతాను.

"మీరు పిల్లలను ఎలా కూర్చోబెడతారు అంకుల్?"

"చూసి రాయకుండా, బెంచీకి ఇద్దరిని..." అని నాలుక కరుచుకున్నాను.

"అక్కడ అంత చోటుండదు. ఒకరినొకరు ఆనుకుని రాస్తారు."

ఆ పేలుడులో ఫాతిమా అమీరీ అనే అమ్మాయికి ఒక కన్ను పోయింది, దవడ, చెవి దెబ్బతిన్నాయి. కొద్ది వారాల్లోనే కాంకోర్ రాసి 85 శాతానికి పైగా తెచ్చుకుంది. డిసెంబరులో తాలిబన్లు ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలు మూసేశారు.

ఆ అమ్మాయి ఏం చదవాలనుకుందని అడిగాను.

"కంప్యూటర్ సైన్స్," అన్నాడు.

మా క్లాసులో సగం మంది చెప్పేదీ అదే.