ఉండని ఇల్లు

"ఆయన ఆ ఇంట్లో ఉండనే లేదు, మనమూ ఉండం, మరి కాకినాడలో ఎందుకు కట్టారు?"

పోయిన ఆదివారం లండన్ దగ్గర ఈషర్‌లో, క్లేర్‌మాంట్ తోట చెరువు గట్టున పులిహోర డబ్బా మూత తీస్తుంటే మా పదకొండేళ్లవాడు అన్న మాట. ఇంగ్లీషులో అన్నాడనుకోండి.

తప్పు నాదే. బాతుల్ని చూసి ఇంటికి రావచ్చుగా, రాను. తోట పక్కనున్న భవంతి ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ కట్టించుకున్నదని తెలిసిన రోజు నుంచీ వెళ్లినప్పుడల్లా క్లాసు పీకుతాను. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించిన సైన్యాన్ని బెంగాల్ నుంచి పంపింది క్లైవేరా, మీ అమ్మమ్మది ఆ పక్క ఊరే, 1765లో మన ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి, మొగలు పాదుషా దగ్గర ఫర్మానా రాయించుకున్నదీ ఆయనే, బెంగాల్లో వెనకేసుకున్న డబ్బుతోనే ఇక్కడున్న పాత ఇల్లు పడగొట్టించి కొత్తది లేపాడు, లక్ష పౌండ్ల పైనే పోశాడంటారు... ఇంత తిట్టీ ఆ తోటకి ఏడాది చందా కట్టేది నేనే, కారు అద్దానికి స్టిక్కరు కూడా.

వాడికి ఎక్కింది ఒక్కటే: క్లైవ్ అందులో కాపురం పెట్టకుండానే 1774లో పోయాడని. తర్వాత 1816లో కొత్తగా పెళ్లయిన ఇంగ్లండ్ యువరాణి షార్లెట్ వచ్చింది, మరుసటి ఏడే పురుడు కష్టమై అక్కడే కన్నుమూసింది. 1848లో గద్దె పోగొట్టుకున్న ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ వచ్చి, రెండేళ్లకి అక్కడే పోయాడు. మన తీరం నుంచి ఫ్రెంచివాళ్లని తరిమించినవాడి ఇంట్లో ఫ్రెంచి రాజు తలదాచుకోవడం నాకైతే భలే సరదా. వాడు బాతులకేసి చూస్తున్నాడు. 1930ల నుంచి అది స్కూలు అన్నాక మాత్రం తల తిప్పాడు. "అదొక్కటీ బాగుంది."

పిల్లలకి మన చరిత్ర ఇలా చోటు చూపించి చెప్పండి అని తోటి తల్లులకి సలహా ఇద్దామనే ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు అంత ధైర్యం లేదు.

కాకినాడ ఇంటికి ఐదేళ్లు. రంగులు, గ్రిల్సు, టైల్సు అన్నీ వాట్సాప్ వీడియోలో నేనే ఎంచాను. మేం నలుగురం అక్కడ పడుకున్నవి మొత్తం తొమ్మిది రాత్రులు, అదీ ఎండలని మేలో రానని మొండికేసేది పిల్లలు కాదు, నేనే. మేడ మీద "పిల్లల గది"లో మంచానికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, దాని మీద అత్తయ్య వడియాలు ఆరబోస్తున్నారు. అమ్మేద్దామని ఆ రాత్రి మా ఆయనతో పోట్లాడాను. తెల్లారి మేస్త్రీకి ఫోన్ చేసి ప్రహరీకి ఇంకో రెండు వరసలు వేయమన్నాను.

వాడికి చెప్పని సంగతి ఒకటుంది. మేడ మీద గదులు ట్యూషన్లకి అద్దెకిస్తారా అని కిందటి నెల ఎవరో అడిగారట. అత్తయ్య సరే అనబోతే నేనే వద్దన్నాను, పిల్లలు గోడలు పాడుచేస్తారని.